గడ్డికోత యంత్రము: పెట్రోలుతో నడచునదా, విద్యుత్తుతో నడచునదా?

తొలకరి కురిసిన మూడు వారములకు మన పాఠశాల ఆవరణ మెట్లుండునో ఇచ్చట చదువుకొనుచున్న బాలబాలికలకు వేఱుగ చెప్పనక్కఱలేదు. వేసవి సెలవులలో మాడి బీటలువాఱిన నేల జూలై మాసము వచ్చునప్పటికి మోకాలి లోతు పచ్చికతో నిండియుండును. తరగతి గదుల గోడల ప్రక్కను గరికయు తుంగయు, ఆటస్థలము చుట్టును ఉత్తరేణియు తుత్తురబెండయు, వెనుక కంచె పొడవునను వయ్యారిభామయు రెల్లుదుబ్బులును పెరుగును. చూచుటకు కన్నులపండువుగానే యుండును. కాని వసతి గృహమునుండి భోజనశాలకు రాత్రివేళ దీపము లేకుండ నడచు పిల్లలను తలచుకొన్నప్పుడు ఆ పచ్చదనము ఉపాధ్యాయులకు సంతోషము కలిగింపదు. రెండు సంవత్సరముల క్రిందట ఆ త్రోవ ప్రక్కనే రక్తపింజరి యొకటి కనబడెను. ఎవరికిని హాని కలుగలేదు. అయినను ఆ మఱునాడే కార్యవర్గమువారు సమావేశమై, నాలుగెకరముల ఆవరణమును ఒక్క తోటమాలి కొడవలితో కోయుట ఇక సాగదనియు, గడ్డికోత యంత్ర మొకటి కొనవలెననియు నిశ్చయించిరి.

కొనవలెనను మాట సులభముగనే తీర్మానమయ్యెను. ఎట్టిది కొనవలెనను మాట మాత్రము తెగలేదు. పెట్రోలుతో నడచునది కావలెనని కొందఱును, విద్యుత్తుతో నడచునది చాలునని కొందఱును వాదించిరి. నేను విజ్ఞానశాస్త్రము బోధించువాడను గనుక విచారించి చెప్పుమని నాకా పని నప్పగించిరి. నేను తొలుత చెప్పిన సలహా సరియైనది కాదు. అది యెందుచేత తప్పినదో తెలిసినచో, తమ యిండ్ల పెరళ్ళకు ఇట్టి యంత్రమును కొనదలచిన తల్లిదండ్రులు నావలె తప్పకుందురని ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

ముందుగా ఈ యంత్రము గడ్డి నెట్లు కోయునో తెలిసికొనవలెను. దీనిని అంగళ్ళలో బ్రష్ కట్టరనియు గ్రాస్ ట్రిమ్మరనియు పిలుతురు. పొడవైన గొట్ట మొకటి. దాని క్రిందికొనను గిరగిర తిరుగు చిన్న తల. ఆ తలనుండి వెలుపలికి వచ్చిన జానెడు నైలాను తీగ. ఇంతియే. కత్తి లేదు. అమెరికా దేశమందలి హ్యూస్టన్ నగరవాసియగు జార్జి బాలస్ 1971లో దీనిని కనిపెట్టెను. కార్లను కడుగు యంత్రములో తిరుగుచున్న కుంచెలను చూచినపుడు ఆయనకీ ఆలోచన తోచినదట. చెట్ల మొదళ్ళయొద్ద కత్తి యంత్రము చేరలేని చోట గడ్డి మిగిలిపోవుచుండెను. ఆయన ఖాళీ రేకుడబ్బా కొకదానికి రంధ్రములు పొడిచి, చేపలు పట్టు గాలపు తీగను వానిలో దూర్చి, దానిని తిరుగు యంత్రమునకు బిగించి చూచెను. గడ్డి తెగినది, చెట్టు మాత్రము చెడలేదు. ఆ తీగకు మూలమగు నైలానును వాలస్ కరోథర్స్ అను రసాయన శాస్త్రజ్ఞుడు 1935లో తయారుచేసెను.

మెత్తని తీగ గడ్డి నెట్లు తెంచునని చిన్న తరగతులవారు నన్ను తఱచు అడుగుదురు. జొన్నచేలలో పిట్టలను తోలుటకు ఒడిసెల త్రిప్పువానిని మీరు చూచియుందురు. చేతిలో నుండగా ఒడిసెల త్రాడు వ్రేలాడుచుండును. త్రిప్పునపుడు బిగిసి కఱ్ఱవలె నిలుచును. ఇదియు నంతియే. తల నిమిషమునకు 7,000 సార్లు తిరుగుచున్నదనియు, తీగకొన మధ్యనుండి 15 సెంటీమీటర్ల దూరమున నున్నదనియు అనుకొనుడు. ఒక చుట్టునకు కొన తిరుగు దూరము సుమారు 94 సెంటీమీటర్లు. నిమిషమునకు దాదాపు 6,600 మీటర్లు. గంటకు సుమారు 400 కిలోమీటర్లు. మన ఎక్స్‌ప్రెస్ రైలు ఎంత వేగముగ పోయినను దానికి మూడు రెట్లకు తక్కువ కాదు. కొడవలి గడ్డిని కోయును. ఈ తీగ కొట్టి తెంచును. అందుచేతనే యంత్రముతో కోసిన గరిక కొనలు పీచుగా చీలి రెండు దినములు గోధుమ రంగున నుండును. ఆ వేగమునకు అడ్డము వచ్చిన కంకర రాయి యేమగునో పదవ తరగతివారు ఊహింపగలరు. ఆ సంగతి మఱల చెప్పెదను.

తలను త్రిప్పుట కొక శక్తి కావలెను. ఆ శక్తి పెట్రోలునుండి రావచ్చును. గోడకున్న ప్లగ్గునుండి తీగద్వారా రావచ్చును. లేక బ్యాటరీనుండి రావచ్చును. కావున ప్రశ్న రెండింటి నడుమ కాదు, మూడింటి నడుమ. నేను మొదట చేసిన పొరపాటులలో ఇది యొకటి. విద్యుద్యంత్రమనగా పొడవైన తీగ నీడ్చుకొని పోవునది యని మాత్రమే తలచి, నాలుగెకరములకు తీగ యెక్కడ చాలునని త్రోసివేసితిని.

పెట్రోలు యంత్రమును సమర్థించిన వారి పక్షమున గట్టి లెక్క యొకటి యున్నది. ఒక లీటరు పెట్రోలును మండించినచో సుమారు 9 యూనిట్ల శక్తి వెలువడును. యూనిటనగా మన కరెంటు బిల్లులో వ్రాయు యూనిటే. ఈ చిన్న ఇంజను అందులో అయిదవ వంతునైనను పనిగా మార్చునో లేదో. తక్కినదంతయు వేడిమిగాను పొగగాను పోవును. అయినను ఒకటిన్నర యూనిటు పని దక్కినదనుకొందము. ఇప్పుడు 36 వోల్టుల, 4 ఆంపియర్-గంటల బ్యాటరీని తీసికొనుడు. రెండింటిని గుణించిన 144 వాట్-గంటలు వచ్చును. అనగా యూనిటులో ఏడవ వంతు. విద్యుత్ మోటారు దానిలో అధికభాగమును పనిగా మార్చును గాని, మూలధనమే స్వల్పము. 400 వాట్లు త్రాగు మోటారు ఇరువది నిమిషములలో దానిని ముగించును. పెట్రోలువానికి టాంకు నిండిన చాలును, మఱల పనికి సిద్ధము. ప్లగ్గుతో నిమిత్తము లేదు. కరెంటు పోయినను చింత లేదు. ఈ లెక్కను చూచియే నేను కార్యవర్గమువారి యెదుట పెట్రోలు యంత్రమే మేలని చెప్పితిని. లెక్క తప్పుకాదు. లెక్క వేయవలసిన వస్తువులలో కొన్నిటిని విడిచితిని.

మా మొదటి యంత్రము టూ స్ట్రోక్ ఇంజనుది. పాత బజాజ్ స్కూటర్లను నడపిన తండ్రులకు దీని స్వభావము తెలియును. పెట్రోలు బంకునందు ఆయిలు కలిపించుకొనుటయు, వెనుకనుండి నీలిపొగ వచ్చుటయు వారు మఱచియుండరు. ఈ ఇంజనులో ఆయిలునకు వేఱుగ స్థలము లేదు. పెట్రోలులో కలిపిన ఆయిలే లోపలి భాగములకు జారుడు కల్పింపవలెను. పుస్తకములో 50కి 1 అని యున్నచో లీటరునకు 20 మిల్లీలీటర్లు. 25కి 1 అని యున్నచో 40 మిల్లీలీటర్లు. ఆ పుస్తకములో నున్నట్లే కలుపవలెను గాని అంగడివాడు చెప్పినట్లు కాదు. రెండవ నెలలో తోటమాలి సెలవులో నుండగా మఱియొకడు ఆయిలు లేని పెట్రోలు పోసి యంత్రమును నడపెను. పావుగంటలోనే అది ఆగిపోయెను. ఆ తరువాత త్రాడు పట్టి ఎంత లాగినను కదలలేదు. పిస్టను వేడెక్కి సిలిండరునకు పట్టుకొనిపోయినది. బాగుచేయించుటకు యంత్రపు వెలలో మూడవ వంతు ఖర్చాయెను. నేరము వానిది కాదు. రెండు పెట్రోలు డబ్బాలును ఒకే రంగువి, వానిపై మేమేమియు వ్రాసియుంచలేదు.

ఈ ఇంజనునందు మఱియొక లోపము గలదు. మండిన పొగ వెలుపలికి పోవు ద్వారమును, క్రొత్త పెట్రోలు లోనికి వచ్చు ద్వారమును కొంతసేపు ఏకకాలమున తెఱచియుండుటచే, లోనికి వచ్చిన పెట్రోలులో కొంత మండకయే బయటికి పోవును. మన డబ్బును గాలియు రెండును చెడును. ఫోర్ స్ట్రోక్ ఇంజనుగల యంత్రములు ఈ విషయమున మేలైనవి. వానిలో పెట్రోలు వేఱు, ఆయిలు వేఱు, పొగ తక్కువ, బరువు కొంచెము హెచ్చు. చిన్న ఇంజనుల పొగ యెంతటి సమస్యయో తెలుపుటకు కాలిఫోర్నియా రాష్ట్రమును చెప్పుదురు. అచ్చట 2021లో చేసిన శాసనము ననుసరించి, ఇట్టి తోటపని యంత్రములలో 2024 మొదలు క్రొత్తగా తయారగునవి పొగలేనివై యుండవలెను. మన దేశమున అట్టి నిర్బంధము లేదు. కాని మనకు వేఱొక చిక్కు కలిగినది. 2025 నాటికి మన పెట్రోలునందు నూటికి 20 పాళ్ళు ఇథనాలు కలుపుట సాధారణమయ్యెను. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకొనును. వానకాలము తరువాత యంత్రమును టాంకునిండ పెట్రోలుతో మూలనుంచి, మఱు సంవత్సరము తీసినచో, కార్బ్యురేటరులోని సన్నని రబ్బరు పొరలు పాడైయుండుట తఱచుగా చూచుచున్నాము. టాంకును ఖాళీచేసి, ఆగిపోవువఱకు ఇంజనును నడపి, తరువాత దాచవలెను. కొనుటకు ముందే ఆ యంత్రము ఎంతపాలు ఇథనాలు నోర్చునో పుస్తకములో చూడవలెను.

అయినను మా తప్పు తెలిసినది పొగవలన గాని మరమ్మతు ఖర్చువలన గాని కాదు.

మా తోటమాలి ఏబదియైదేండ్లవాడు. ఈ ఆవరణములోని ప్రతి చెట్టును ఆయన చేతిమీదుగ పెరిగినదే. యంత్రము వచ్చిన మూడవ నెలలో ఒకనాటి సాయంకాలము ఆయన బావి గట్టున కూర్చుండియుండగా నేను వెనుకనుండి పిలిచితిని. పలుకలేదు. మఱల పిలిచితిని. దగ్గఱకు పోయి భుజముపై చేయివేయగా ఉలికిపడి లేచెను.

“ఏమి పెద్దయ్యా, పిలిచినది వినబడలేదా?” అని అడిగితిని.

“చెవుల్లో ఇంకా మిషను తిరుగుతానే ఉంది మాస్టారూ. రాత్రి పడుకున్నా అదే హోరు. చేతులు కూడా తిమ్మిరెక్కి అన్నం ముద్ద కుదురుగా నిలవటం లేదు” అనెను.

నేను సిగ్గుపడితిని. ధ్వనిని డెసిబెల్లులలో కొలుతురని తొమ్మిదవ తరగతికి నేనే బోధించుదును. 85 డెసిబెల్లుల ధ్వనిని దినమునకు ఎనిమిది గంటలకు మించి వినుట చెవికి హానియనియు, మూడేసి డెసిబెల్లులు పెరిగినకొలది ఆ కాలము సగమగుననియు వైద్యులు చెప్పుదురు. 88కి నాలుగు గంటలు, 91కి రెండు, 94కి ఒకటి, 97కి అరగంట, 100కి పావుగంట. పెట్రోలు యంత్రము మోయువాని చెవియొద్ద ధ్వని సాధారణముగా 95కును 105కును నడుమ నుండును. మా పెద్దయ్య చెవులకు దొప్పలు లేకుండ దినమునకు నాలుగు గంటలు పనిచేసెను. పెట్రోలుతోకూడ ఎనిమిది కిలోగ్రాముల బరువు. దానిని మోయుటకు రెండు భుజముల పట్టెడ యంత్రముతోనే వచ్చినది గాని, అది అట్టపెట్టెలోనే యుండిపోయెను. ఇంజను కదలిక పిడులద్వారా చేతి నరములకు చేరుచుండెను. యంత్రమును ఎన్నుకొన్నవారు మేము; మోసినవాడాయన. ఎట్టిది కావలెనని ఆయన నెవరును అడుగలేదు.

ఆ సాయంకాలము అడిగితిని. ఆయన కొంతసేపు ఆలోచించి చెప్పిన మాట ఇది: “గదుల పక్కన ఉండేది ఉట్టి గరికండీ. దానికి ఇంత మిషను దేనికి? తేలికది ఒకటి ఇప్పించండి. కంచె దగ్గర రెల్లుకీ తుమ్మమొక్కలకీ మాత్రం ఇదే ఉండాలి. అది ఏడాదికి మూడుసార్లు పనేగా.” కార్యవర్గము రెండు సమావేశములలో తేల్చలేని దానిని ఆయన నాలుగు మాటలలో తేల్చెను. మేము ఎకరములు కొలిచితిమి. ఆయన అందులో మొలచినదేదో చూచెను.

ఇక విద్యుద్యంత్రముల సంగతి. ప్లగ్గునుండి తీగతో నడచునది అన్నిటికంటె తేలిక, అన్నిటికంటె చవుక. మూడు నాలుగు కిలోగ్రాముల బరువు, త్రాడు లాగుట లేదు, పొగ లేదు, ఆయిలు లేదు. 500 వాట్ల యంత్రము రెండు గంటలు నడచిన ఒక యూనిటు ఖర్చగును. పెట్రోలు యంత్రము గంటకు అరలీటరు మొదలు లీటరువఱకు త్రాగును. లీటరు వెల నూరు రూపాయలకు పైబడియే యున్నది గదా. తీగ పొడవైనచో వోల్టేజి పడిపోవునని కొందఱు భయపెట్టుదురు. దీనిని ఓమ్ సూత్రముచే లెక్కించి చూడుడు. 1,000 వాట్ల యంత్రము 230 వోల్టులయొద్ద 4.3 ఆంపియర్ల కరెంటు తీసికొనును. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగ 50 మీటర్లయినచో, పోవుటకును వచ్చుటకును కలిపి 100 మీటర్లు. నిరోధము సుమారు 1.8 ఓములు. పడిపోవునది 8 వోల్టులు. ఇది పెద్ద నష్టము కాదు. నిజమైన అపాయము వేఱు. మిగిలిన తీగను చుట్టగా చుట్టియుంచి పనిచేసినచో ఆ చుట్టలోని వేడి బయటికి పోలేక పైతొడుగు కరగవచ్చును. అంతకంటె ముఖ్యముగా, గడ్డిలో దాగిన తీగనే యంత్రము తెంచవచ్చును. తడినేలపై వట్టికాళ్ళతో నిలిచినవాని కది ప్రాణాంతకము. 30 మిల్లీ ఆంపియర్ల తేడాకే కరెంటును ఆపివేయు ఆర్.సి.సి.బి. యను స్విచ్చు ఇంటిలో లేనిచో తీగ యంత్రమును కొనవలదని నా గట్టి సలహా. ఉన్నను వాన వెలిసిన వెంటనే వాడరాదు. తీగను ఎప్పుడును భుజముమీదుగ వెనుకకు వేసికొని, ప్లగ్గునకు దగ్గఱనుండి దూరముగా కోసికొనుచు పోవలెను.

బ్యాటరీ యంత్రము ఈ చిక్కును తీర్చినది. దానికి ప్రాణమగు లిథియం-అయాన్ బ్యాటరీ 1991లో విపణికి వచ్చెను. దానిని రూపొందించినందులకు గుడ్‌ఇనఫ్, విట్టింగ్‌హాం, యోషినో అను ముగ్గురు శాస్త్రజ్ఞులు 2019లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము పొందిరి. ఇరువది నిమిషములలో ముగియు బ్యాటరీతో నాలుగెకరము లెట్లని నేను మొదట నవ్వితిని. కాని గదుల ప్రక్కలును, త్రోవలును, పూలమళ్ళ అంచులును కలిసి అరయెకరమైనను కావు. రెండు బ్యాటరీలుంచుకొని, ఒకటి చార్జగుచుండగా రెండవదానితో పనిచేసి, నడుమ కొంత విశ్రమించినచో రెండు పూటలలో అంతయు ముగియుచున్నది. తరగతులు జరుగుచుండగనే కిటికీ క్రింద కోయవచ్చును. పెట్రోలు యంత్రమున్నపుడు పాఠము ఆపి కిటికీలు మూసికొనువారము. ఏడవ తరగతివారికి అది విరామముగా నుండెడిది, వారు దీనిని మెచ్చుకొనకపోవచ్చును.

బ్యాటరీ యంత్రమునకు ఖర్చు లేదనుకొనరాదు. సంవత్సరములు గడచినకొలది బ్యాటరీ శక్తి తగ్గును. క్రొత్తది కొనవలసివచ్చినపుడు యంత్రపు వెలలో పెద్దభాగమే అగును. దానికి శత్రువు ఎండ. మే మాసపు మధ్యాహ్నమున రేకుల కొట్టములో దానిని పడవేయరాదు. పనినుండి తీసిన వేడి బ్యాటరీని వెంటనే చార్జి చేయరాదు, చల్లారనీయవలెను. నెలల తరబడి దాచునపుడు పూర్తిగా నింపియు, పూర్తిగా ఖాళీచేసియు కాక, సగము చార్జితో చల్లని గదిలో నుంచవలెను. ఒక కంపెనీ బ్యాటరీ వేఱొక కంపెనీ యంత్రమునకు సరిపడదు. కావున పదేండ్ల తరువాతను ఆ బ్యాటరీ దొరకునా యని యోచించి కొనవలెను. మేము కొనునప్పుడు దగ్గఱి పట్టణములో దానిని బాగుచేయువారున్నారా యని మాత్రమే విచారించితిమి.

యంత్రమును బట్టి తీగ లావు మాఱును. తేలికైన విద్యుద్యంత్రములకు ఒకటిన్నర మిల్లీమీటర్ల తీగ. పెద్ద పెట్రోలు యంత్రములకు రెండున్నర మొదలు మూడు మిల్లీమీటర్లు. చిన్న మోటారునకు లావు తీగ వేసినచో అది వేడెక్కి కాలిపోవును. వ్రేలిలావు తుమ్మమొక్కలకు తీగ పనికిరాదు, మూడు పండ్ల ఇనుప కత్తి కావలెను. దానిని త్రిప్పు బలము మా చిన్న యంత్రమునకు లేదు. అయితే కత్తి మొద్దునకు గాని రాతికి గాని తగిలినపుడు యంత్రము మొత్తము ప్రక్కకు ఎగదన్నును. రెండు చేతులతో గట్టిగా పట్టనిచో కాలిమీదికే రావచ్చును. తెగి రాలిన నైలాను ముక్కలను గూర్చియు ఒక మాట. అవి మట్టిలో చీకిపోవు వస్తువులు కావు. పశువులు గడ్డితోపాటు మ్రింగును. పెద్ద ముక్కలనైనను ఏరివేయుట మన పిల్లలకు వప్పగింపదగిన పని, యంత్రమును కట్టిన తరువాత.

వయ్యారిభామను మాత్రము ఏ యంత్రముతోను కోయవలదు. కోసినకొలది మొదటినుండి మఱల పిలకలు వేయును. పూతమీద కోసినచో పుప్పొడి రేగి దురదయు ఉబ్బసమును కలిగించును. వాన వెలిసి నేల మెత్తగా నున్నపుడు, పూతకు ముందే, చేతితొడుగులు వేసికొని వేళ్ళతో పెఱికివేయవలెను. తుంగకును కోత విరుగుడు కాదు. నేలలోని గడ్డలున్నంతవఱకు అది వచ్చుచునే యుండును.

ఇప్పుడు తల్లిదండ్రుల ప్రశ్నకు వత్తును. వందగజములకు లోబడిన పెరడైనచో మంచి కొడవలి చాలును. నేను మా యింట దానినే వాడుచున్నాను. రెండు మూడువందల గజముల స్థలమై, ఇంటి గోడకు ప్లగ్గును, ఆర్.సి.సి.బి. స్విచ్చును ఉన్నచో తీగతో నడచు విద్యుద్యంత్రము చవుకలో సరిపోవును. వృద్ధులు గాని స్త్రీలు గాని తామే కోసికొనునట్లైనను, పసిబిడ్డ నిద్రించు ఇల్లయినను బ్యాటరీ యంత్రమునకు కొంత హెచ్చు వెల పెట్టుట దండుగ కాదు. మామిడితోటయో, చెఱువు గట్టో, కరెంటు లేని పొలమో యున్నవారికి పెట్రోలు యంత్రమునకు నేటికిని సాటి లేదు. వారు ఫోర్ స్ట్రోక్ ఇంజనుదానిని చూడవలెను. ఎన్ని సి.సి.లు అని అడుగుటకు ముందు, దానిని పెట్రోలుతో నింపి, పట్టెడ తగిలించి, మోయబోవువానినే అంగడిలో పదినిమిషములు నిలువబెట్టి చూడుడు.

ఏ యంత్రమైనను రాయి రాయియే. మొన్నటి సెప్టెంబరులో కంచెయొద్ద ఎగిరిన గులకరాయి ఇరువది అడుగుల దూరమున నున్న పంపుగది కిటికీ అద్దమును పగులగొట్టెను. ఆ కిటికీకి బదులు ఎవరి కన్నో అక్కడ నున్నచో అను తలపు నన్ను విడువలేదు. పుస్తకములలో పదునైదు మీటర్ల లోపల ఎవరును ఉండరాదని వ్రాయబడియుండును. పిల్లలు పదునైదు మీటర్లను ఊహింపలేరు గనుక, పని జరుగు స్థలము చుట్టును ఎఱ్ఱగుడ్డ కట్టిన నాలుగు కఱ్ఱలను పాతించుచున్నాము. వానిని దాటిన విద్యార్థికి ఒకవారము ఆటలు లేవు. కోయుటకు ముందు రాళ్ళను, సీసాపెంకులను, తీగముక్కలను ఏరివేయుదుము. పెద్దయ్యకు కంటి అద్దములు, మోకాళ్ళవఱకు బూట్లు, చెవులకు దొప్పలు ఇప్పించితిమి. ఇంజను వేడిగా నుండగా పెట్రోలు పోయుట మాన్పించితిమి. పెట్రోలు డబ్బాలకు రెండు రంగులు వేయించి, వానిపై పెద్ద అక్షరములతో వ్రాయించితిమి. కొడవలితో కోయునపుడు గడ్డి మొదట చేయి పెట్టక తప్పదు; యంత్రముతో చేయి నేలకు ఎడముగ నుండును. పాము భయమున్న మన ఆవరణములో ఈ ఒక్క లాభమైనను యంత్రము కొనుటకు చాలునని పెద్దయ్యయే చెప్పును.

పెట్రోలు యంత్రమిప్పుడు సంవత్సరమునకు మూడుసార్లు, సెలవు దినములలో మాత్రమే, కంచెయొద్దకు పోవుచున్నది. ఒక్కొక్కమారు అరగంటకు మించి నడపక పెద్దయ్య దానిని దింపుచున్నాడు. ఆయన చెవులలోని హోరు చాలవఱకు తగ్గినది గాని, కుడిచెవి పూర్వమువలె లేదని వైద్యురాలు చెప్పెను. వసతి గృహపు త్రోవకు ఇరువైపులను రెండేసి గజముల వెడల్పున గడ్డిని పదిదినముల కొకసారి బ్యాటరీ యంత్రముతో చీలమండ యెత్తునకు కోయుచున్నారు. ఆ త్రోవకు దీప మింకను రావలసియున్నది; కార్యవర్గమువారికి విన్నపము వ్రాసితిమి.